మూడో సిలిండరు

"మన కారుకి నీళ్ళు పొయ్యక్కర్లేదమ్మాయ్!"

కాపురానికి వచ్చిన మూడోనాడు మా మామగారు నాతో ఆడిన మొదటి మాట ఇదే. వంశం గొప్పలూ, ఆస్తిపాస్తులూ, ఎవరి నోరు ఎలాంటిదో... అవన్నీ తర్వాత అత్తయ్యగారు తీరిగ్గా చెప్పారు. మామగారికి మాత్రం ముందు కారు, తర్వాతే కుటుంబం. విశాఖపట్నంలో మా ఇంటి పక్క రేకుల షెడ్డులో, లేత నీలం రంగులో, బోర్లించిన గిన్నెలా ఉండేది అది. 1966 నాటి వోక్స్‌వ్యాగన్ బీటిల్. ఇక్కడ పని ముగించుకుని స్వదేశం వెళ్ళిపోతున్న ఓ విదేశీ ఇంజనీరు దగ్గర మామగారు 1974లో కొన్నారట. వీధిలో పిల్లలు దాన్ని తాబేలు కారు అనేవారు.

నీళ్ళు పొయ్యక్కర్లేని కారంటే నాకూ వింతగానే తోచింది. నాకు తెలిసిన కారల్లా అంబాసిడరే మరి! చిన్నప్పుడు వేసవి సెలవుల్లో టాక్సీ మాట్లాడుకుని తిరుమల వెళ్ళేవాళ్ళం. కొండ సగం ఎక్కేసరికి మా అంబాసిడరుకి ఆయాసం వచ్చేది. ముందు ముల్లు ఎర్రగీత వైపు జరిగేది. తర్వాత బానెట్ సందుల్లోంచి ఆవిరి. డ్రైవరు పక్కకి తీసి ఆపేవాడు. పులిహోర డబ్బాలూ మంచినీళ్ళ చెంబులూ పట్టుకుని అందరం చెట్టుకింద చేరేవాళ్ళం. "మూత ముట్టుకోకండ్రా, మొహాలు కాలిపోతాయ్!" అని నాన్న కేకలు. అరగంట ఆగి, తడిగుడ్డ వేసి మూత తిప్పి, నీళ్ళు పోసి బయలుదేరేవాళ్ళం. అంబాసిడరుకి కోపం వస్తే కొండంతా తెలిసేది. పాపం, దాని మనసులో ఏదీ దాగేది కాదు.

బీటిల్ అలా కాదు. రేడియేటరు లేదు, పొంగడానికి నీళ్ళు లేవు, ఆవిరి అసలే లేదు. మండుటెండలో సింహాచలం కొండెక్కి దిగినా షెడ్డులోకి వచ్చి మర్యాదగా నిలబడేది. "చూశావా, చల్లటి బండి!" అనేవారు మామగారు. నేనూ నమ్మాను.

ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. కారు మాత్రం ఉంది. మా బావగారు ఆదివారాలు తుడిచి స్టార్టు చేస్తూంటారు. సెలవులకి హైదరాబాదు నుంచి వెళ్ళినప్పుడల్లా మా వారు దాన్ని బీచి రోడ్డు దాకా తిప్పుకొస్తారు. పోయిన జూన్‌లో అలా తిప్పుకొస్తూంటే వెనకనుంచి టపటపమని చప్పుడు చేసి ఆగిపోయింది. నలుగురు చెయ్యివేసి తోసుకొచ్చారు.

మేస్త్రిగారు వచ్చారు. మామగారి కాలం నుంచీ ఆయనే. డెబ్బై దాటాయి. ఇంజను ఇంకా విప్పకుండానే, "మూడోదే పోయుంటాదమ్మగారూ. ఈ బండికి ఎప్పుడు పోయినా మూడోదే పోతాది" అన్నారు. విప్పితే అదే. ఎడమవైపు ముందుదాన్ని మూడో సిలిండరంటారట. అందులో పొగ బయటికి పంపే వాల్వు తల తెగి లోపల పడి, పిస్టనుకి చిల్లు పెట్టింది.

"మరి అది నాసిరకమా మేస్త్రిగారూ?" అన్నాను.

"రకం కాదమ్మా, చోటు! నాలుగూ ఒకటే పోత. దీన్ని అక్కడెట్టి అక్కడిదాన్ని ఇక్కడెడితే, రేపు అదే పోతాది."

నవలలు రాసుకునేదానికి ఇంజన్ల గొడవెందుకని మీరు పేజీ తిప్పెయ్యకండి. ఆ "చోటు" అన్న మాట నా మనసులో పడిపోయింది. ఆ సాయంత్రం అరుగుమీద కూర్చుని ఆయన్ని వదిలిపెట్టలేదు. ఆయన చెప్పిందీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి చెబుతాను.

బీటిల్లో ఇంజను వెనకవైపు ఉంటుంది. కుడివైపు రెండు సిలిండర్లు, ఎడమవైపు రెండు, పడుకోబెట్టినట్టు. ఒక్కొక్కదాని చుట్టూ సన్నటి ఇనుప రెక్కలు, చేగోడీలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు. డైనమో ఇరుసుకే ఓ ఫ్యాను బిగించి ఉంటుంది. అది వెనక అద్దం కింద ఉన్న చీలికల గుండా గాలి పీల్చి, రేకు తొడుగులోంచి ఆ నాలుగింటి మీదకీ తోస్తుంది. నీళ్ళు లేవు గనక వేడి లేదని నేననుకున్నాను గానీ, పెట్రోలు మండకుండా బండెలా కదులుతుంది! వేడి ఉంది. అది గాలిలోకి పోతోందంతే.

కాని లోపల ఇనుము ఇనుముతో ఒరుసుకునే చోట్లకి గాలి పోలేదు. అక్కడికి వెళ్ళేది నూనె. నూనె సంగతి మనకి ఒకరు చెప్పాలా? చల్లటి నూనె గరిటెలోంచి బద్ధకంగా జారుతుంది. బాణలిలో కాగిందంటే నీళ్ళలా పరుగెడుతుంది. ఇంజనులో అలా పల్చబడిపోతే రెండు లోహాల మధ్య పొరగా నిలవలేదు, అవి రాసుకుని అరిగిపోతాయి. బీటిల్లో పట్టేది రెండున్నర లీటర్లే. అంత కాస్త నూనే ఒరిపిడిని ఆపాలి, వేడినీ మొయ్యాలి. అందుకని దాన్ని చల్లార్చడానికి సన్నటి గొట్టాల పెట్టె ఒకటి పెట్టారు. అదే ఆయిల్ కూలర్. అసలే ఇరుకు. ఎక్కడ పెట్టాలి? ఫ్యాను గాలి వచ్చే రేకు తొడుగులోనే ఎడమపక్క నిటారుగా నిలబెట్టారు. గాలి వస్తూ వస్తూ నూనెని చల్లబరుస్తుంది. బాగుంది కదూ?

బాగుంది గానీ, నూనె దగ్గర వేడి పుచ్చుకున్న ఆ గాలి ఎటు పోయింది? తిన్నగా ఆ కిందనే ఉన్న మూడో సిలిండరు మీదకి! మిగతావాటికి చల్లటి గాలి. దీనికి కూలరు అడ్డంపడగా మిగిలిన గాలి, అదీ వేడెక్కినది. నూనె అందరిదీ. చల్లబడ్డ నూనె నలుగురికీ అందుతుంది. చల్లార్చిన ఖరీదు మాత్రం ఒక్కదాని నెత్తిన.

ఇంతకన్నా విచిత్రం ఇంకోటుంది. దీనికి మొదట ఏం విరుగుడు చేశారో తెలుసా? కూలర్ని కదపలేదు. సిలిండర్లకి నిప్పురవ్వలు పంచే డిస్ట్రిబ్యూటరు అని ఒకటుంటుంది. దాన్ని, మూడో సిలిండరుకి మాత్రం రవ్వ కొంచెం ఆలస్యంగా అందేటట్టు మలిచారు. మిగతా మూడూ వేళకి మండుతాయి. మూడోది కొద్ది డిగ్రీలు ఆగి మండుతుంది. దాంతో దాని వేడి కాస్త తగ్గుతుంది. దాని సత్తువా కాస్త తగ్గుతుంది. నలుగురిలో నువ్వొక్కత్తివీ కొంచెం తగ్గి ఉండు, అన్నమాట.

ఇది విన్నప్పుడు మా తోటికోడలు మాకు కాఫీలు ఇస్తోంది. ఆవిడని నేను అక్కా అంటాను. గ్లాసు అందుకుంటూ ఆవిడ మొహం చూడలేకపోయాను.

చెబుతాను.

అత్తయ్యగారికి ఎనభై నాలుగేళ్ళు. ఆరేళ్ళ క్రితం స్నానాలగదిలో జారిపడి తుంటి విరిగింది. ఆపరేషను చేశారు గానీ మునుపటి నడక రాలేదు. పదహారేళ్ళకి కోడలై వచ్చి ఇరవైమంది ఇంటిని నడిపిన మనిషి, మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి మంచానికి! ఆవిడ నొప్పి ఆవిడది. ఆ నొప్పంతా మాటలై బయటికి వస్తుంది. కాఫీ చల్లారిందని, దుప్పటి మడత సరిగ్గా లేదని, పెద్దకొడుకు పెళ్ళినాటి లాంఛనాలు కూడా ఇవాళ జరిగినట్టే. అదంతా అక్క మీదుగా పోతుంది. పోయి, హాల్లోకి వచ్చేసరికి చల్లబడి వస్తుంది. "అమ్మ ఇవాళ హుషారుగా ఉంది" అంటారు బావగారు. నిజమే, ఆయన దగ్గరికి వచ్చేసరికి హుషారుగానే ఉంటారు. సంక్రాంతికి మేమందరం దిగుతాం. మా ఆడపడుచు సోఫాలో వాలి, "ఎక్కడ తిరిగినా ఈ ఇంట్లో ఉన్న చల్లదనం లేదే!" అంటుంది. నేనూ అన్నాను, ఒకసారి కాదు.

మొన్న ఏప్రిల్లో అక్క పెరట్లో బట్టలు ఆరేస్తూ తల తిరిగి పడిపోయింది. పరీక్షిస్తే రక్తపోటు నూట ఎనభై. ఎన్నాళ్ళ నుంచి ఉందో ఎవరూ చెప్పలేకపోయారు. చూపించుకుంటే కదా! అత్తయ్యగారికి పొద్దునా సాయంత్రం పట్టీ కట్టి చూసి పుస్తకంలో రాసేది అక్కే. ఆ పట్టీ ఆవిడ చేతికి ఒక్కనాడూ కట్టుకోలేదు. మాలో ఒక్కరం "నీకెంతుందక్కా?" అని అడగలేదు. పైగా అంతకు నెలముందు గ్యాసు కుర్రాడిమీద అరిచిందని, "వదిన ఈమధ్య మారిపోయింది, చిరాకెక్కువైంది" అనుకున్నాం. అంటే నేను మేస్త్రిని అడిగిన ప్రశ్నే. నాసిరకమా?

బీటిల్ డాష్‌బోర్డు మీద వేడిని చూపించే ముల్లు లేదు. డైనమోకో దీపం, నూనె ఒత్తిడికో దీపం, అంతే. మూడో సిలిండరు ఎంత కాలిందో డ్రైవరుకి తెలిసే దారి లేదు. దారి లేదు గనక చల్లటి బండి అని పేరు.

ఓర్పు, సహనం అని మనం పెద్దమాటలు వాడతాం. ఓర్పు అనేది మనిషి గుణమా, లేకపోతే ఆ మనిషి నిలబడ్డ చోటా? పెద్దకోడలు ఓర్పు గలది అంటాం. ఆవిడ ఓర్పు గలదని ఆ గాలి అటు తోశారా, గాలి అటు తోశారు గనక ఓర్చుకుంటోందా? ఇదేం మాట, ఓర్పు లేకపోతే సంసారాలు నిలుస్తాయా అంటారు మీరు. నిలవవు. కూలరు తీసేస్తే నూనె పల్చబడి నాలుగు సిలిండర్లూ పోతాయి. నేను కూలరు వద్దనడం లేదు. వేడి మాయమైపోదు, చోటు మారుతుందంతే అంటున్నాను. మన ఇల్లు చల్లగా ఉందని మురిసేముందు, ఆ వేడి ఎటు పోయిందో లేచి వెతకాలా వద్దా అని అడుగుతున్నాను.

మిమ్మల్నేమిటి, నన్ను నేనే అడుక్కుంటున్నాను. ఏడాదికోసారి అక్క నాకు ఫోన్లో మనసు విప్పేది. "ఇవాళ అత్తయ్యగారు ఈ మాటన్నారే" అని. నేనేం చెప్పేదాన్నో తెలుసా? "పెద్దావిడ కదక్కా. వెంటనే జవాబు చెప్పకు. పది లెక్కపెట్టుకుని అప్పుడు మాట్లాడు." చూశారా! మూడో సిలిండరుకి రవ్వ ఆలస్యంగా అందించే డిస్ట్రిబ్యూటర్ని నేనే! సలహా చెప్పి ఫోను పెట్టేసి, హాయిగా నా రాతగదిలోకి పోయేదాన్ని.

అక్కడితో ఆగానా? పదేళ్ళ క్రితం రాసిన ఓ నవలలో పెద్దకోడలు పాత్రగా అక్కనే దింపాను. నోరెత్తదు, కన్నీరు పెట్టదు, ఇల్లంతా తనమీద నిలబెడుతుంది. ఉత్తరాలు కట్టలుగా వచ్చాయి. "ఇలాంటి కోడలు ఇంటికొకరుండాలి" అని ఎందరో రాశారు. వాళ్ళలో కోడళ్ళెందరో అత్తగార్లెందరో నేను లెక్క చూళ్ళేదు. అక్క కూడా చదివింది. పుస్తకం తిరిగిస్తూ, "బాగా రాశావు. ఆవిడకి మోకాళ్ళు నొప్పెట్టవా?" అంది. నేను పకపకా నవ్వాను. ఆవిడ కూడా నవ్విందనే నా గుర్తు.

ఇంతకీ కంపెనీవాళ్ళు చివరికి ఏం చేశారో చెప్పలేదు కదూ! 1971 మోడల్ నుంచి కూలర్ని ఆ దారిలోంచి తప్పించారు. తొడుగు పక్కన చిన్న గదిలాంటిది కట్టి దాన్ని అందులో పెట్టారు. ఫ్యాను కాస్త వెడల్పు చేశారు. కూలరు మీదుగా పోయిన వేడిగాలి ఏ సిలిండరు మీదకీ పోకుండా, వేరే దారిన సరాసరి బయటికి పోయేటట్టు చేశారు. ఆ చిన్నగదికి పై దేశాల మెకానిక్కులు పెట్టిన పేరు డాగ్‌హౌస్, అంటే కుక్కగూడు! పేరెంత మోటుగా ఉంటేనేం, పని మంచిది. అప్పటికే కోటికి పైగా బీటిళ్ళు తయారై రోడ్లమీద పడ్డాయి. ఆఖరి బీటిల్ 2003 జూలైలో మెక్సికోలో తయారైంది. మొత్తం రెండు కోట్ల పదిహేను లక్షల పైచిలుకు. ఒక్క రేకు దారి మళ్ళించడానికి మనుషులకి ఎన్నేళ్ళు పట్టిందో చూడండి. తెలివి లేక కాదు, బండి నడుస్తోంది కదా!

మేస్త్రిగారు మా బండికీ ఆ కొత్తరకం తొడుగు, ఫ్యాను తెప్పించి వేస్తానన్నారు. మా వారు ఒప్పుకోలేదు. "నాన్నగారి బండి నాన్నగారి బండిలాగే ఉండాలి. పాత కారుకి విలువంతా అందులోనే ఉంది. ఒక్క రేకు మార్చినా అసలుది కాదు" అన్నారు. ఆయన బాధ నాకర్థమవుతుంది. ఆ కారులో ఆయన బాల్యం ఉంది. బావగారు ఎటూ చెప్పలేక మీసం దువ్వుకున్నారు. మేమందరం వాదించుకుంటూంటే అక్క ఖాళీ గ్లాసులు తీస్తూ, ఎవరినీ చూడకుండా, "మార్చెయ్యండి మేస్త్రిగారూ" అంది.

ఇరవై మూడేళ్ళలో ఆ ఇంట్లో ఆవిడ ఒక నిర్ణయం చెప్పగా వినడం నాకదే మొదలు. కారు పనికి డబ్బు బావగారిది, ముచ్చట మా వారిది. అయినా మేస్త్రి తల ఊపి కాగితం మీద రాసుకున్నారు.

ఆ రాత్రి మా వారితో అన్నాను, అత్తయ్యగారిని రెండు నెలలు మన దగ్గరికి తీసుకెళదామని. అనడం తేలికే. వెడల్పు ఫ్యాను తిరగాలంటే ఇంజను మరికాస్త సత్తువ ఖర్చుపెట్టాలి, ఊరికే రాదు. మాది మూడు గదుల ఇల్లు. కింద బాత్రూం ఉన్న గది ఒక్కటే, అది నా రాతగది. పన్నెండేళ్ళుగా ఆ తలుపు వేసుకునే నేను ఏమైనా రాయగలిగాను. అది ఇవ్వాలనుకునేసరికి నాకెన్ని ధర్మసందేహాలు వచ్చాయో! పెద్దావిడకి ప్రయాణం పడుతుందా, కొత్తచోటు నిద్రపడుతుందా, అసలు అక్క లేకపోతే ఆవిడ ఉంటుందా... అన్నీ సబబైన సందేహాలే. అక్క చేత తప్ప మరొకరి చేత తల దువ్వించుకోరు అత్తయ్యగారు. అక్కకి కూడా అదొక గొప్ప. "నేను తప్ప ఎవరు చేస్తారే" అనడంలో ఆవిడకీ ఓ అధికారం ఉంది, నేను కాదనను. దాన్ని తీసుకుంటే ఆవిడ బరువు దించినట్టో, ఆవిడ పీట లాగేసినట్టో నాకిప్పటికీ తేలలేదు. తేలేదాకా ఆగుదామనుకుంటే మరో ఆరేళ్ళు ఆగొచ్చని మాత్రం తెలిసింది.

అత్తయ్యగారు వచ్చి పదకొండు రోజులైంది. నేనీ నాలుగు మాటలూ భోజనాల బల్ల మీద, కూరగాయల బుట్ట పక్కకి జరిపి రాస్తున్నాను. నాలుగోనాటికే నా గొంతు పెరిగింది. ఆరోనాడు పనమ్మాయి మీద అరిచాను. నిన్న అత్తయ్యగారు, "పెద్దది ఇలా చేసేది కాదు" అన్నారు. పది లెక్కపెట్టుకున్నాను. ఏడుకొచ్చేసరికి జవాబు నోట్లోంచి జారిపోయింది. ఆవిడ తెల్లబోయి నావైపు చూసి, కాసేపాగి, "నీకు బాగానే నోరుందే!" అన్నారు. మెచ్చుకున్నట్టే వినిపించింది నాకు. పొరపాటేమో.

రాత్రి అక్కకి ఫోను చేశాను.

"ఏం చేస్తున్నావక్కా?"

"ఏం లేదు. కూర్చున్నా."

"ఊరికేనా?"

"ఊరికే." కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆవిడకి ఎడమవైపు పాపిడి తీస్తున్నావా?" అంది.

"కుడివైపు తీస్తున్నాను."

"ఎడమవైపు తియ్యి" అంది అక్క. "లేకపోతే పోనీలే. ఎటో ఓవైపు."